మాడిన ఎలిమెంటు, పొంగని పాలు

నేను ఉద్యోగ విరమణ చేయడానికి పద్నాలుగు నెలల ముందు, జూన్ మొదటి సోమవారం నాడు మొదలై ఆ శుక్రవారంతో ముగిసిన పని ఇది. అప్పటికి నేను సింగపూర్‌లోని పాయా లేబర్‌లో, ఇంట్లో బీరు కాచుకునేవాళ్ళకు కరెంటు కెటిళ్ళు అమ్మి వాటిని బాగుచేసిపెట్టే ఒక చిన్న కంపెనీ వర్క్‌షాపులో సీనియర్ సర్వీస్ టెక్నీషియన్‌ని. హోదా పేరు పెద్దదే కానీ అక్కడ ఉన్నది ఇద్దరం. రెండో ఆయన వ్యాను వేసుకుని డెలివరీలు చూసేవాడు. బాగైన సామానుకు పచ్చ ట్యాగ్ కట్టి సంతకం చేసే అధికారం నా ఒక్కడిదే. ఆ సంతకం లేకుండా ఏ కెటిలూ గుమ్మం దాటకూడదు.

ఈ వృత్తి తెలియనివారి కోసం రెండు ముక్కలు చెప్పాలి. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని వేడినీళ్ళలో నానబెట్టి, ఆ తియ్యటి రసాన్ని గంటసేపు కళపెళా మరిగించడం బీరు తయారీలో ముఖ్యమైన ఘట్టం. గ్యాసు మీదైతే మంట గిన్నె బయట ఉంటుంది. కరెంటు కెటిల్లో ఎలిమెంటు అనే మెలితిరిగిన ఉక్కు కడ్డీ రసంలోనే మునిగి ఉంటుంది. రసం కదలకపోయినా, కడ్డీ పూర్తిగా మునగకపోయినా చక్కెర దానికి అతుక్కుని మాడిపోతుంది. ఆ పెచ్చును అలాగే వదిలేస్తే తర్వాత కాచే ప్రతి కాపుకూ పొగ వాసన పడుతుంది. దాన్ని వదిలించడం నా పనిలో సగం. మిగతా సగం, రసం పొంగిపోకుండా ఎలా కాచుకోవాలో కొన్నవాళ్ళకు చెప్పడం. పొంగు కిందికి జారి కెటిల్ పక్కనున్న కరెంటు డబ్బాలోకి దిగితే ఇంట్లో బ్రేకర్ పడిపోతుంది. ముప్పై ఏళ్ళలో ఎన్ని ఇళ్ళకు ‘పొంగనివ్వకండి, పొంగనివ్వకండి’ అని చెప్పానో లెక్కలేదు.

సోమవారం మధ్యాహ్నం శ్రీకాంత్ అనే అతను పది లీటర్ల కెటిల్ ఒకటి చేతుల్లో పట్టుకుని వచ్చాడు. ముప్పై రెండు ముప్పై మూడేళ్ళు ఉంటాయి. తెనాలి దగ్గరివాడు, బ్యాంకులో కంప్యూటర్ ఉద్యోగం. నా బ్యాడ్జి మీద అప్పలరాజు అన్న పేరు చూసి ముందు ఆశ్చర్యపోయాడు, ఆ తర్వాత కాస్త బెదిరాడు. ఎందుకు బెదిరాడో మర్నాడు గానీ నాకు తెలియలేదు. నేను పుట్టింది ఈ ఊళ్ళోనే. మా తాత విశాఖ వైపు నుంచి ఓడలో వచ్చినవాడు. మా ఇంటి తెలుగులో తమిళమూ మలయ్ భాషా కలిసిపోయి ఉంటాయి కాబట్టి కొత్తగా వచ్చినవాళ్ళు నేను నోరు విప్పగానే నవ్వు ఆపుకుంటారు. ఇతను నవ్వలేదు.

సామాను చేతికి రాగానే మాకొక వరస ఉంది. చూడాలి, వాసన పట్టాలి, అడగాలి, రాయాలి. చూశాను. కడ్డీ పై మెలిక మీద గోధుమరంగు పెచ్చు, దాని కింద తెల్లటి పొర. ఏం కాచారని అడిగాను.

“ఉత్త నీళ్ళే అంకుల్. కొత్తది కదా, టెస్ట్ కోసం ఒకసారి కాచాం, అంతే. శుక్రవారం పొద్దున్నకి కావాలి, ప్లీజ్.”

పొద్దున్నే బీరేమిటయ్యా అన్నాను. ఇంట్లో ఫంక్షన్ అన్నాడు, నేల చూస్తూ.

ఆ తర్వాత వాసన పట్టాను. మూత తీసి మొహం లోపల పెట్టగానే తియ్యటి, కాస్త పొగ కలిసిన వాసన. ఎక్కడో ఎరిగిన వాసనే. అదే సమయానికి కిటికీ అవతల వాన మొదలైంది. ఎదుటి బిల్డింగూ, క్రేన్లూ, రోడ్డూ ఒక్కొక్కటిగా మాయమై కిటికీ నిండా తెల్లదనం మిగిలింది. నాకు మా అమ్మమ్మ వంటగది గుర్తుకొచ్చింది. అడుగంటిన పాలగిన్నెను ఆవిడ చెంచాతో గోకి, ఆ మాడుముక్కలకు పంచదార అద్ది నా అరచేతిలో పెట్టేది. అవి నాలుక మీద చేదుగా మొదలై తియ్యగా అయ్యేవి. ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు. తల పైకెత్తేసరికి శ్రీకాంత్ వెళ్ళిపోయాడు. వాన వెలిసి అద్దం మీద చుక్కలు జారుతున్నాయి.

వృత్తిలో ఉన్నవాడు వాసన పట్టేది ప్రశ్న వేసుకోవడానికి. నేను వేసుకోలేదు, హాయిగా ఉంది కదా అని కూర్చున్నాను. ఫారంలో ‘నీటి సున్నపు పొర’ అని రాశాను. నిజానికి సింగపూర్ నీళ్ళు మెత్తనివి. ఒక్కసారి కాస్తే తెల్లపొర కట్టదని నాకు చంటిపిల్లాడు చెప్పక్కర్లేదు. అయినా ఆ మాట తట్టలేదు. సున్నపు పొరకు ఆమ్లం, మాడిన పెచ్చుకు క్షారం అన్నది మా పనిలో ఓనమాలు. నేను నిమ్మఉప్పు కలిపిన వేడినీళ్ళు పోసి అరగంట వదిలాను.

అరగంట తర్వాత చూస్తే పొర కరగలేదు. పైగా చిక్కబడి, తెల్లగా సాగుతూ, కడ్డీని గట్టిగా పట్టేసింది. ఇంకాస్త నిమ్మఉప్పు వేశాను. ఇంకాస్త బిగిసింది. నా సర్వీసులో అలాంటిది చూడలేదు. మంగళవారం పొద్దున శ్రీకాంత్‌కు ఫోన్ చేసి, పని కుదరకపోవచ్చు, కొత్త ఎలిమెంటు తెప్పించాలంటే మూడు వారాలు పడుతుందని చెప్పాను. గంటలో వచ్చేశాడు. వెంట వాళ్ళ అత్తగారు.

ఆవిడ పేరు భారతమ్మ. అరవై దాటి ఉంటాయి. నేత చీర, భుజాన గుడ్డసంచి, మొహంలో నిద్ర లేని గుర్తులు. వర్క్‌షాపులోకి వస్తూనే బార్లీ బస్తాలూ బీరు సీసాలూ కలయజూసింది. శ్రీకాంత్ ఆ బస్తాలకూ ఆవిడకూ మధ్య అడ్డంగా నిలబడటానికి నానా తంటాలు పడ్డాడు. ఆవిడ అతన్ని పట్టించుకోకుండా నేరుగా కెటిల్ దగ్గరికి వచ్చి, తొంగిచూసి, పక్కనున్న సీసా ఎత్తి వాసన చూసింది.

“ఇదేంటన్నయ్యగారూ, నిమ్మఉప్పా?”

“అవునమ్మా.”

“పాలల్లో నిమ్మఉప్పు వేశారా! విరిగిపోవూ మరి?”

పాలేమిటని నేను శ్రీకాంత్ వైపు తిరిగాను. అతను సీలింగ్ ఫ్యాన్ వైపు చూస్తున్నాడు.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. సెంగ్‌కాంగ్‌లో వాళ్ళకు కొత్త ఫ్లాట్ చేతికొచ్చింది. క్రితం ఆదివారం గృహప్రవేశం. పాలు పొంగించాలి. గ్యాసు కనెక్షన్ ఇవ్వాల్సిన మనిషి రాలేదు. ముహూర్తం దాటిపోతోంది. ఇంట్లో ప్లగ్గు పెడితే వేడెక్కే గిన్నె ఇదొక్కటే, అట్టపెట్టెలోంచి ఇంకా తీయనైనా తీయలేదు. కడిగి, పసుపు రాసి, కుంకుమ పెట్టి, లీటరున్నర పాలు పోసి స్విచ్ వేశారు. ఆ కెటిల్లో కడ్డీ మునగాలంటే కనీసం మూడు లీటర్లు కావాలి. సగం కడ్డీ గాలిలో ఎర్రబడింది, ఎగిరిపడ్డ పాలు దాని మీద మాడాయి, వేడి హద్దు దాటగానే కెటిల్ తనంతట తాను ఆగిపోయింది. పాలు పొంగలేదు సరికదా, కొత్త ఇల్లంతా మాడువాసన. శ్రీకాంత్ భార్య మాధురికి అయిదో నెల. అక్కడికక్కడే కూలబడి ఏడ్చిందట. ఈ ఇంట్లో నేను కాలు పెట్టనని వెనక్కి హౌగాంగ్‌లోని అద్దె ఇంటికి వెళ్ళిపోయింది. ఆ అద్దె ఇల్లు శనివారానికల్లా ఖాళీ చేయాలి. ఆదివారం భారతమ్మగారి ఫ్లయిట్.

బీరు కాచే గిన్నె అని అత్తగారికి చెప్పలేకే శ్రీకాంత్ నాకు అబద్ధం చెప్పాడు. నేను తెలుగువాణ్ణి కాబట్టి ఎక్కడో ఒక చోట ఆవిడకు చేరుతుందని భయం. ఆవిడకు మాత్రం వేడినీళ్ళ గిన్నె అని చెప్పాడట.

భారతమ్మగారు అల్లుడి వైపు చూసి చిన్నగా నవ్వింది. “నాకు తెలియదనుకున్నారా బాబూ? పెట్టె మీద బొమ్మ ఉంది కదా, నురగ పైకి పొంగి గ్లాసు అంచు దాటిపోతూ. అందుకే ఇదయితే బాగా పొంగుతుందనుకున్నాను. మీరు వద్దు వద్దంటున్నా నేనే తొందరపెట్టాను.”

చెబుతూ చెబుతూ ఆవిడ నవ్వు ఆగిపోయింది. “పిల్ల ఆ ఇంటిని చూసి భయపడుతోందన్నయ్యగారూ. ఆ భయం నేను పెట్టిందే. ఆ గిన్నెలోనే పొంగాలి. వేరే గిన్నెలో పొంగిస్తే, ఇందులో పొంగలేదన్న మాట దాని మనసులో అలాగే ఉండిపోతుంది. శుక్రవారం పొద్దున ఇంకో ముహూర్తం ఉంది. అవుతుందా?”

అలవాటు కొద్దీ ‘బోలే’ అన్నాను. ఇక్కడి మలయ్ మాట. ఆవిడ అర్థం కాక చూస్తుంటే “అవుతుందమ్మా” అన్నాను. పరీక్ష చేయకముందు టెక్నీషియన్ నోటి నుంచి రాకూడని మాట అది. కానీ ఆవిడ మొహం చూసి మరో మాట రాలేదు.

పని మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. ముందు నిమ్మఉప్పు జాడ లేకుండా నాలుగుసార్లు కడిగాను. మేం వాడే క్షారపు పొడి చాకలిసోడాకు దగ్గరి చుట్టం. ఆ మాట చెప్పగానే భారతమ్మగారు, తమ ఇంట్లోనూ పాలగిన్నె మాడితే సోడా వేసి నానబెడతామంది. చెయ్యి పట్టనంత వేడినీళ్ళలో ఆ పొడి కలిపి, కడ్డీ మునిగేదాకా పోసి, వేడి తగ్గకుండా సన్నగా కరెంటు ఇచ్చి మర్నాటికి వదిలాను. ఆ సాయంత్రమంతా ఆవిడ స్టూలు మీద కూర్చుని ఆ నీళ్ళకేసి చూస్తూనే ఉంది. బుడగలు ఒక్కొక్కటే అడుగు నుంచి లేచి, దారి మరిచినట్టు కాసేపు ఆగి, పైకి వచ్చి పగిలేవి. నీళ్ళు మెల్లగా తేనెరంగుకు తిరిగాయి.

బుధవారం పొద్దున పెచ్చు పొరలుపొరలుగా ఊడి వచ్చింది. మిగిలినవాటిని మెత్తటి గుడ్డతో తుడుస్తుంటే ఆవిడ సంచిలోంచి ఉక్కుపీచు తీసింది. ఇంటి నుంచే తెచ్చుకుంది. గిన్నె అడుగు తళతళలాడితే గానీ ఇల్లాలికి మర్యాద లేదని నమ్మే తరం. నేను చెయ్యి అడ్డం పెట్టాను. పీచుతో తోమితే కడ్డీ మీద కంటికి కనిపించని గీతలు పడతాయి. తర్వాతి కాపు ఆ గీతల్లోనే అంటుకుని మాడుతుంది. పీచు నుంచి రాలిన ఇనుము తుప్పు పడుతుంది. కడ్డీ మెరవనక్కర్లేదు, మసకగా ఉన్నా శుభ్రంగా ఉంటే చాలు. ఇదంతా విని ఆవిడ పీచును సంచిలో పెట్టుకుంది కానీ సంచి మూతి మాత్రం చాలాసేపు తెరిచే ఉంచింది.

క్షారం పూర్తిగా కడిగేశాక, అప్పుడు నిమ్మఉప్పు నీళ్ళు అయిదు నిమిషాలు. పాలలోని సున్నం తెల్లగా మిగిలిపోతుంది, దానికి ఆమ్లమే మందు. నిమ్మఉప్పు వాడటం తప్పు కాదు. నేను సోమవారం తప్పింది వరసలో.

శుభ్రం కావడం వేరు, వాడటానికి పనికిరావడం వేరు. కడ్డీ లోపల కరెంటు తీగ ఉంటుంది. దానికీ బయటి ఉక్కు తొడుక్కూ మధ్య తెల్లటి పొడి దట్టించి ఉంటుంది. ఆ పొడి తేమ పీల్చినా, తొడుగు చిట్లినా కరెంటు బయటికి పాకుతుంది. ఇన్సులేషన్ టెస్టర్ పెట్టి చూశాను. కరెంటును బయటికి పాకనివ్వని శక్తి ఒక మెగోమ్ దాటితే గానీ మేం పాస్ చేయం. ముల్లు అర మెగోమ్ దగ్గరే ఆగిపోయింది.

ఎర్ర ట్యాగ్ కట్టాల్సిన అంకె అది. ఆవిడకు దాచకుండా చెప్పాను. తేమ అయితే ఆరితే పోతుంది, చిట్లి ఉంటే పోదు, అప్పుడు నేను సంతకం పెట్టలేనన్నాను. అమ్మాయి కోసం అని ఆవిడ మొదలుపెట్టింది. అమ్మాయి కోసమేనమ్మా అన్నాను. ఆవిడ సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నిన్న అవుతుందని చెప్పినందుకు నాకు సిగ్గేసింది.

కడ్డీ విప్పి చిన్న ఓవెన్‌లో సన్నటి వేడి మీద నాలుగు గంటలు ఉంచాను. బయట మళ్ళీ వాన. ఓవెన్ హోరుమంటున్న ఆ గదిలో బార్లీ వాసనా, తడి సిమెంటు వాసనా, ఇంకా పోని పాలవాసనా కలిసిపోయాయి. ఆవిడ గోడకు తల ఆనించి నిద్రపోయింది. మూడు రాత్రుల తర్వాత మొదటి నిద్ర అని తర్వాత చెప్పింది. నేను చప్పుడు కాకుండా పనిముట్లు సర్దుకున్నాను. ఓవెన్ గంట మోగకుండా స్విచ్ ముందే తిప్పేశాను.

గురువారం పొద్దున కొలిస్తే ముల్లు హాయిగా పైకి వెళ్ళింది. దాన్ని నమ్మకూడదు. కడ్డీని నీళ్ళలో ముంచి గంట ఆగి మళ్ళీ కొలిచాను. చిట్లి ఉంటే ఇక్కడ పడిపోవాలి. పడలేదు. బిగించి, నీళ్ళు కాచి, మూడోసారి కొలిచి, పచ్చ ట్యాగ్ కట్టి సంతకం చేశాను. భారతమ్మగారు ట్యాగ్ మీది నా పేరు వేలితో తడిమి, రేపు మీరు రావాలన్నయ్యగారూ అంది.

వెళ్ళక తప్పలేదు. ఎందుకంటే కడ్డీ బాగైనంత మాత్రాన పాలు పొంగవు. ఏడు లీటర్లు పోయాలని, సగం కరెంటు మీద మొదలుపెట్టి అడుగంటకుండా గరిటె తిప్పుతూనే ఉండాలని, ఆవిరి చిక్కబడ్డాక గరిటె తీసేసి పూర్తి కరెంటు ఇవ్వాలని కాగితం మీద రాసి ఇచ్చాను. పొంగడానికి కాగితం రాసివ్వడం నా సర్వీసులో అదే మొదలు, అదే ఆఖరు.

సెంగ్‌కాంగ్ ఫ్లాట్ పన్నెండో అంతస్తు. సామాను ఇంకా రాలేదు. తెల్లగోడలు, నేల మీద ముగ్గు, కిటికీ కింద డ్రైవర్ లేని చిన్న రైలు ఎండలో నిశ్శబ్దంగా వంపు తిరిగిపోతోంది. కాసేపటికి అదే మళ్ళీ వచ్చేది. కెటిల్‌ను పొంగు తూర్పుకు జారేలా, కరెంటు డబ్బా పడమటకు ఉండేలా నేనే అమర్చాను. డబ్బా పైన భారతమ్మగారు గోధుమపిండి ముద్దతో చిన్న గట్టు కట్టింది. గుమ్మం బయట పక్క ఫ్లాట్ చైనీస్ ఆంటీ చెప్పులు విప్పి నిలబడి, “వాహ్, సో మచ్ మిల్క్ ఆ?” అంది. మాధురి మాత్రం గడప దగ్గరే ఉంది, ఒక కాలు లోపల, ఒక కాలు బయట.

భారతమ్మగారు గరిటె తిప్పుతోంది. ఆవిరి కిటికీలోంచి వచ్చే ఎండలోకి ఎక్కి అక్కడే తిరుగుతోంది. గదికి అటువైపున్న మాధురి మొహం ఒకసారి కనిపించి, ఒకసారి కనిపించకుండా పోతోంది. నేను తల ఊపాను. ఆవిడ గరిటె తీసేసింది. నేను పూర్తి కరెంటు ఇచ్చాను. మీగడ మధ్యలో ఉబ్బి, ఊపిరి పీల్చినట్టు లేచి, తూర్పు అంచు దాటింది. ఆ తర్వాత ఆగలేదు. అన్ని వైపులా పొంగింది. పిండిగట్టు దాటింది. టక్కుమని చప్పుడై ఇంట్లో ఫ్యానులన్నీ ఆగిపోయాయి.

“అయ్యో, ట్రిప్ ఆల్రెడీ లా!” అంది ఆంటీ.

శ్రీకాంత్ నా వైపు చూశాడు. నేను మాధురి వైపు చూశాను. ఆ అమ్మాయి మొహం పాలిపోయింది, లోపలున్న కాలు వెనక్కి కదిలింది.

భారతమ్మగారు నేల మీద పారుతున్న పాలకేసి చూస్తూ చాలా మామూలుగా అంది: “పాలు పొంగాక పొయ్యి కట్టేయాలి కదే. నేను మరిచిపోయాను. అదే కట్టేసుకుంది.”

మాధురి ఆవిడ వంక చూసింది. ముందు పెదవులు బిగబట్టింది, తర్వాత నవ్వేసింది, నవ్వుతూనే ఏడ్చింది. రెండో కాలు లోపల పెట్టి తల్లి దగ్గరికి నడిచింది. పాదాలకు పాలు అంటుకుని గచ్చు మీద ఆమె అడుగులు తెల్లగా పడ్డాయి. నేను కరెంటు డబ్బా తుడిచి, ఆరబెట్టి, కొలిచి, బ్రేకర్ ఎత్తాను. ఫ్యానులు తిరిగాయి. మిగిలిన పాలతో పరమాన్నం వండి ఆ అంతస్తులో ప్రతి ఇంటికీ పంచారు.

ఈ పని నుంచి నేను నేర్చుకున్నవి రెండు. కడ్డీకి ఏం అంటుకుందో రూఢి చేసుకోకుండా ఏ మందూ పోయకూడదు. సామాను తెచ్చినవాళ్ళు నిజం చెప్పడానికి వీలుగా అడగాలి. వచ్చిన సామానుకు మేం నింపే ఫారంలో ‘లోపం’ అనే గడి ఉండేది కానీ కాచింది ఏమిటో రాసే గడి లేదు. ఆ తర్వాతి సోమవారం కంపెనీ మేనేజర్‌ను అడిగి ఒక వరస చేర్పించాను: ‘చివరిసారి ఇందులో ఏం కాచారు? ఏదైనా పరవాలేదు.’ అది మాత్రం తెచ్చినవాళ్ళే రాయాలి. మొదట రాసింది శ్రీకాంత్. అదే రోజు కెటిల్ శుభ్రం చేయించుకోవడానికి తెచ్చాడు. ‘పాలు. పొంగాయి.’ అని రాశాడు.

నేను ఆ కాగితం చదివి, క్షారపు పొడి సీసా మూత తీశాను.